ముప్పై బై నలభైలో గురి

తుపాకీ గురి తప్పగానే ఎవరి చెయ్యయినా స్కోపు మీద, అంటే గురి చూసే దుర్భిణి మీద, గురి జరిపే నాబ్ దగ్గరికే పోతుంది. జబ్బు పట్టులో ఉండొచ్చు, మరల్లో ఉండొచ్చు, గొట్టంలో ఉండొచ్చు. వైద్యం మాత్రం నాబ్‌కే జరుగుతుంది. బెంగళూరులో కె.ఆర్.పురం వైపు ఒక ఇంట్లో ఓ ఆదివారం పొద్దున జరిగింది కూడా ఇదే, కాకపోతే కాస్త ఎక్కువ పొగతో.

అల్లుడుగారు సాఫ్ట్‌వేర్ మనిషి. 0.177 బోరు స్ప్రింగు ఎయిర్ రైఫిల్ కొన్నారు. స్ప్రింగు తోసిన పిస్టన్ గాలిని నొక్కితే, ఆ గాలికే పెల్లెట్ అనే చిన్న సీసపు గుండు ఎగిరిపోతుంది. దాని మీదికి ఆన్‌లైన్లో ఓ స్కోపు తెప్పించారు. మామగారు మదనపల్లె నుంచి వచ్చి ఉన్నారు. ఆర్టీసీ డిపోలో డీజిల్ ఇంజన్లు విప్పి, బిగించి, రిటైరైన చెయ్యి ఆయనది. ఇంట్లో మర అన్నది ఏదైనా ఆయన అనుమతి లేకుండా తిరగకూడదు. మూడో నిపుణుడు ఫోన్లో ఉన్నాడు. పెన్సిల్వేనియాలో ఉంటున్న బావమరిది. అక్కడ క్రిస్మస్ వెళ్లగానే ఫ్లింట్‌లాక్ తుపాకులతో జింకలను వేటాడడానికి ప్రత్యేకంగా సీజన్ ఉంటుంది. మూతి నుంచి మందు కూరి, గుండు దింపి, చెకుముకి రాయి నిప్పురవ్వతో పేల్చే పాతకాలపు తుపాకీ అది. ఇక్కడ జింక మీద గురిపెడితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జైలు చూపిస్తుంది. అందుకే అల్లుడుగారి వేటంతా కాగితం మీదే.

కాగితానికి పది మీటర్లు కావాలి. అంటే సుమారు 33 అడుగులు. ఇంటి సైటు ముప్పై బై నలభై, అంటే పొడవు 40 అడుగులు, ఇంటికీ కాంపౌండ్ గోడకీ మధ్య సందు ఉంది. మిగిలిన ఏడడుగుల్లో మామగారు, కుర్చీ, బల్ల, నీళ్ల మోటారు సర్దుకున్నాయి. గేటుకి తాళం వేసి, అత్తగారిని సందులోకి రావొద్దని చెప్పి, ఇద్దరూ కళ్లద్దాలు పెట్టుకున్నారు. ఇంతవరకూ వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. ఉత్త గోడకి కొడితే సీసపు పెల్లెట్ వెనక్కి ఎగిరొస్తుంది కాబట్టి గోడ ముందు ఓ అట్టపెట్టె పెట్టి, దాని నిండా బావమరిది ఎంసెట్ నాటి ఫిజిక్స్ గైడ్లు కుక్కారు. మొదటి పెల్లెట్ మూడో పాఠం దాటలేదు. ఆ అబ్బాయీ అక్కడిదాకానే చదివాడని కిటికీలోంచి అత్తగారు అన్నారు.

స్కోపులో చూస్తే కాగితమంతా మసక. మామగారు తన శుక్లాల ఆపరేషన్‌నీ, చేసిన డాక్టరునీ కాసేపు తిట్టుకున్నారు. అల్లుడుగారు చూసినా మసకే. ఇందులో కంటి తప్పేమీ లేదు. చవక స్కోపుల్లో చాలావాటికి ఫోకస్ ఫ్యాక్టరీలోనే 100 గజాల దగ్గర ఖాయం చేసేస్తారు, పది మీటర్ల దగ్గర బొమ్మ అలుక్కుపోక తప్పదు. పైగా కన్ను అటూ ఇటూ కదిలితే అడ్డగీతలు లక్ష్యం మీద ఈత కొడతాయి. ఎయిర్ రైఫిల్‌కి ముందు అద్దం తిప్పి పది గజాలదాకా ఫోకస్ తెచ్చుకునే స్కోపు కొనాలి. ఇంకో సంగతి. స్ప్రింగు రైఫిల్ పేలినప్పుడు మొదట వెనక్కి తంతుంది, పిస్టన్ చివరికొచ్చి ఆగగానే ముందుకీ తంతుంది. మందు తుపాకీ కోసం చేసిన మామూలు స్కోపు ఈ రెండో తన్నుకి సిద్ధంగా ఉండదు. లోపలి అద్దాలు వదులైపోతాయి, స్కోపుని రైఫిల్‌కి పట్టి ఉంచే మౌంటు పట్టాలెంబడి మెల్లగా వెనక్కి జారుతుంది. దాన్ని ఆపే చిన్న మేకు ఒకటి మౌంటుకి ఉంటుంది, రైఫిల్ మీది గుంటలో దాన్ని దింపాలి. ఆ మేకు అల్లుడుగారి డబ్బాలోనే భద్రంగా ఉంది.

ఐదు కాల్చారు. కాగితం మీద ఐదు ఐదు దిక్కులకి పోయాయి. రైఫిల్‌ని బల్ల అంచుకి ఆనించి, మామగారు బళ్లో ఎన్‌సీసీలో నేర్పిన పట్టు పట్టారు. భుజంలోకి గట్టిగా అదిమి, చెంప నొక్కి, ఊపిరి బిగించి. ఎన్‌సీసీ త్రీ నాట్ త్రీ రైఫిల్‌కి అది సరైన పట్టే. స్ప్రింగు రైఫిల్‌కి అదే విషం. ట్రిగ్గర్ నొక్కాక పెల్లెట్ గొట్టం దాటేలోపే పిస్టన్ కొట్టిన కుదుపు రైఫిల్‌ని కదిలించేస్తుంది. ఆ కుదుపు ప్రతిసారీ ఒకేలా ఉండాలంటే రైఫిల్‌ని దాని మానాన ఎగరనివ్వాలి. అరచెయ్యి తెరిచి, ట్రిగ్గర్ గార్డుకి కాస్త ముందు అడుగున పెట్టి, వేళ్లు మడవకుండా, భుజానికి తాకీ తాకనట్టు ఉంచాలి. గట్టి బల్ల మీద ఆనిస్తే బంతిలా ఎగురుతుంది. ఆనించాల్సి వస్తే అరచెయ్యి కింద మెత్తటి సంచి పెట్టి, రైఫిల్‌ని చేతిమీదే ఉంచాలి.

“ఇంత వదులుగా పట్టుకుంటే స్పానరు కూడా జారిపోతాది అల్లుడుగారూ” అని మామగారు కొట్టిపారేశారు.

సరే, కాగితం మీద పెల్లెట్ల గుంపు అనదగ్గది ఒకటి ఎలాగో తేలింది. నడిబొడ్డుకి 3 సెంటీమీటర్లు కిందికి ఉంది. అల్లుడుగారు లెక్కల మనిషి. నాబ్‌ని ఒక క్లిక్కు తిప్పితే గురి పావు అంగుళం జరుగుతుందని డబ్బా మీద ఉంది. మూడు సెంటీమీటర్లంటే అంగుళం పైచిలుకు, ఐదు క్లిక్కులు చాలు. తిప్పారు. పెల్లెట్లు ఉన్నచోటే ఉన్నాయి. డబ్బా మీద పావు అంగుళం పక్కనే చిన్న అక్షరాల్లో 100 గజాల దగ్గర అని రాసి ఉంటుంది, దాన్ని చదివే ఓపిక ఎవరికుంటుంది. పది మీటర్ల దగ్గర అదే క్లిక్కు 0.7 మిల్లీమీటర్లు మాత్రమే కదుపుతుంది. మూడు సెంటీమీటర్లకి నలభై పైన క్లిక్కులు తిప్పాలి. ఐదు క్లిక్కుల తేడా మామగారి పట్టులో వచ్చే తేడాకి కనపడదు. స్కోపు పనికిమాలిందని ఇద్దరూ ఏకగ్రీవంగా తీర్మానించి బావమరిదికి ఫోన్ చేశారు.

అక్కడ రాత్రి. అయినా బావమరిది ఉత్సాహంగానే చెప్పాడు, చెప్పినవన్నీ నిజాలే. మొదట 25 గజాల దగ్గర కుదుర్చుకోవాలి, తర్వాతే దూరం పోవాలి. మందు ప్రతిసారీ అదే కొలపాత్రతో పోయాలి. గుడ్డముక్కలో చుట్టిన గుండుని కూరే కడ్డీ మీద గీసుకున్న గుర్తుదాకా దింపాలి, లేకపోతే మందుకీ గుండుకీ మధ్య ఖాళీ మిగిలి గొట్టానికే ప్రమాదం. మందు పోయడం మరిచిపోయి గుండు ఒక్కటే కూరేసేవాళ్లూ ఉన్నారట, అప్పుడు కడ్డీ చివర మర బిగించి, గుండులోకి తిప్పి, బయటికి పీకాలట. ముఖ్యంగా, “ప్రతి షాట్ తర్వాత గొట్టం తుడవాలి బావా. మసి పేరుకుంటే గుండు దిగదు, గురీ మారిపోతుంది” అన్నాడు.

ఫ్లింట్‌లాక్‌లో పోసే బ్లాక్ పౌడర్ విషయంలో ఇది అక్షరసత్యం. కాలిన తర్వాత సగానికి పైగా మసిగానే మిగిలే మందు అది. అయితే బావమరిది “మీదే తుపాకీ?” అని అడగలేదు, వీళ్లూ చెప్పలేదు. ఎయిర్ రైఫిల్‌లో మందూ లేదు, మసీ లేదు. గొట్టం లోపల పల్చగా అంటుకునే సీసపు పొరే దానికి కుదురు. దాన్ని తుడిచేస్తే మళ్లీ పొర పట్టేదాకా పెల్లెట్లు తలోదారీ పడతాయి.

మామగారు మాత్రం తుడవడంతో ఆగలేదు. గుడ్డకి కొబ్బరినూనె రాశారు. గొట్టాన్ని మడిచి చూస్తే సిలిండర్ మూతిలో గాలి వచ్చే సన్నటి రంధ్రం ఒకటి కనిపించింది. రంధ్రం కనిపిస్తే చుక్క వేయడం డిపో ధర్మం. రెండు చుక్కలు వేశారు.

తర్వాతి షాట్ ఠాప్‌మని పేలింది. మామూలుగా ఎయిర్ రైఫిల్ చప్పుడు పక్కింటి టీవీలో కలిసిపోతుంది. ఇది మాత్రం కాంపౌండ్ గోడకి తగిలి రెండుసార్లు వినిపించింది. గొట్టం మూతి నుంచి నీలిపొగ, సందంతా వేపుడు వాసన. పెల్లెట్ కాగితం పైఅంచు మీదుగా, పెట్టె దాటి గోడకి తగిలి చప్పిడి అయింది. పైపోర్షన్లో ఉన్నావిడ “ట్రాన్స్‌ఫార్మర్ హోయ్తా?” అని కన్నడంలో కేకేసింది. ఎదురింటాయన కరెంటాఫీసుకి ఫోన్ చేశాడు, ఇంట్లో ఫ్యాన్ తిరుగుతుండగానే. అత్తగారు పోపు మాడిందేమోనని వంటింట్లోకి పరిగెత్తారు.

అల్లుడుగారు మాత్రం కాగితం చూసి, పైకి పోయింది కదా అని, నాబ్‌ని కిందికి ఇరవై క్లిక్కులు తిప్పారు.

మామగారు గొట్టం మడిచి, మూతి దగ్గర ముక్కు పెట్టారు. ముఖం వెలిగింది. “అల్లుడుగారూ, దీంట్లో పేలింది గాలి కాదు, డీజిల్!” అన్నారు.

నూటికి నూరు పాళ్లు అదే. డీజిల్ ఇంజన్లో స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని ఒక్కసారిగా నొక్కితే పుట్టే వేడికే నూనె అంటుకుంటుంది. స్ప్రింగు వదిలిన పిస్టన్ కూడా గాలిని కన్నుమూసి తెరిచేలోపే నొక్కేస్తుంది, ముందు నూనె ఉందా, భగ్గుమంటుంది. పెల్లెట్ ధ్వని వేగాన్ని దాటితే చెవి పగిలే చప్పుడూ తోడవుతుంది. ఒకటి రెండుసార్లు అయితే పర్వాలేదు, అలవాటైతే స్ప్రింగు విరుగుతుంది, పిస్టన్ సీలు మాడుతుంది. కొత్త రైఫిల్‌లో ఫ్యాక్టరీ గ్రీజు వల్ల కూడా మొదట్లో కాస్త పొగ, వాసన వస్తాయి. అది ఆగేదాకా గురి దిద్దకూడదు. పొగతో పడిన పెల్లెట్‌ని చూసి నాబ్ తిప్పడమంటే రేపు ఉండని తేడాకి ఇవాళ లెక్క కట్టడం. ఫ్లింట్‌లాక్‌కైనా మందు పోసే ముందు గొట్టంలో నూనె మిగలకుండా తుడుస్తారు. ఈ ముక్క బావమరిది చెప్పడం మరిచాడు.

అప్పటినుంచి పగ్గాలు మామగారు తీసుకున్నారు. పొడి గుడ్డ, మళ్లీ పొడి గుడ్డ, నూనె మచ్చ రానంతవరకూ. తర్వాత రైఫిల్‌ని దాని కర్రపిడికి బిగించిన మరలు చూశారు. ముందు రెండూ, ట్రిగ్గర్ గార్డు దగ్గరదీ, మూడూ వేలితో తిరిగేటంత వదులు. బిగించారు. మేకుని గుంటలో దింపారు. పొగ, వాసన పూర్తిగా ఆగేదాకా గురి సంగతి వదిలేసి ఉత్తినే కాల్చారు. పట్టు కూడా వదిలారు, చచ్చినట్టు. ఆపైన ఐదు పెల్లెట్లు, నాబ్ ముట్టకుండా. ఐదూ ఒక రూపాయి బిళ్ల కింద పడ్డాయి. ఒక్కో రంధ్రాన్నీ వెంబడించకుండా గుంపు మధ్య నుంచి నడిబొడ్డుకి ఎన్ని మిల్లీమీటర్లో కొలిచి, 0.7తో భాగించి, వచ్చినన్ని క్లిక్కులు బాణం గుర్తు చూసి తిప్పారు. ఇంకో ఐదు. సరిగ్గా నడిబొడ్డున.

సీసం ముట్టిన చేతులు సబ్బుతో కడుక్కుంటుండగా బావమరిది దగ్గరనుంచి మెసేజ్ వచ్చింది. “అయిపోయాక గొట్టం తప్పకుండా వేడినీళ్లూ సబ్బూ పెట్టి కడగండి. లేకపోతే రాత్రికే తుప్పు పడుతుంది.”

మామగారు కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు. “అదీ మాట” అంటూ బాత్రూం వైపు నడిచారు. గీజర్ స్విచ్ టక్కుమంది. సందులోంచి అల్లుడుగారు రైఫిల్‌ని చంకన పెట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా, మేడమెట్లు ఎక్కేశారు.