బొట్టు చాటు నంబరు

పసుపు కుంకుమల కింద ఆడపిల్లకు ఎకరమో అరెకరమో పొలం రాసిచ్చిన తండ్రులను చూశాను గానీ, తుపాకీ ఇచ్చిన తండ్రిని మా మామగారి తరువాత మరొకరిని చూడలేదు. అది ఇప్పుడు విశాఖపట్నం మహారాణిపేటలోని మా ఇంటి హాలులో, వినాయకుడి పటం పక్కన గోడకు వేలాడుతూ ఉంటుంది. బీచ్ రోడ్డులో కుర్సురా జలాంతర్గామినే ఒడ్డుకు చేర్చి 2002 నుంచి జనానికి చూపిస్తున్న ఊరిలో, గోడ మీద ఒక తుపాకీ ఉండడం పెద్ద విశేషమేమీ కాదని మా ఆవిడ వాదన.

చదువరులు కంగారు పడవలసిన పని లేదు. దాని గొట్టంలో ఇనుము కరిగించి పోసి మూసేశారు, తూటాను గొట్టంలోకి తోసి వెనుక మూసే బోల్టు అనే ఇనుప కడ్డీ లోపలి సూదిని తీసేశారు. 303 బోరు తుపాకీ మనబోటి పౌరులకు నిషిద్ధమే గానీ, మరమ్మతు చేసినా చేయకపోయినా పేలే అవకాశం లేని పాతకాలపు ఆయుధాలను 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షను మినహాయించింది. మా ఇంట్లో ఏ చట్టానికీ లొంగనివి రెండే ఉన్నాయి. ఒకటి ఈ తుపాకీ, రెండవది మా మనవరాలు.

ఇది లీ ఎన్‌ఫీల్డ్ జాతిది. తిరగలి పిడిలా పట్టుకొని తిప్పే బోల్టునూ, పది తూటాలు పట్టే పెట్టెనూ రూపొందించిన జేమ్స్ పారిస్ లీ పేరూ, లండను ఉత్తరాన ఆయుధాల కర్మాగారం ఉన్న ఎన్‌ఫీల్డ్ పేరూ కలిసి ఆ పేరు వచ్చింది. మాది మాత్రం సీమ సరుకు కాదు, కలకత్తా దగ్గర హుగ్లీ ఒడ్డున ఇషాపూర్‌లో తయారైనది. చెక్క మడమ మొదలయ్యే చోట ఇనుము మీద ఒక కిరీటం, దాని కింద జార్జి రాజుగారు మన దేశానికి చక్రవర్తి కూడానని గుర్తుచేసే జి.ఆర్.ఐ. అక్షరాలు, ఆ కింద 1943 అనే సంవత్సరం ఉంటాయి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేసినప్పుడు తమ తాతగారు ఈ తుపాకీనే ఎక్కుపెట్టారని మా అత్తవారింట్లో మూడు తరాలుగా చెప్పుకుంటున్నారు. ఆ సంవత్సరాన్ని నేను వేలు పెట్టి చూపించిన నాటి నుంచి ఆ కథ వినబడడం మానేసింది, నాకు పెట్టే కాఫీలో చక్కెర కూడా కొంత తగ్గింది.

నేను రేవులో ముప్ఫై ఒక్క సంవత్సరాలు టాలీ క్లర్కుగా పనిచేశాను. ఓడలోంచి దిగిన బస్తా మీద నంబరు, చేతిలోని కాగితం మీద నంబరు ఒకటైతేనే నాకు అన్నం సహించేది. అటువంటి మనిషికి, పాత తుపాకుల విలువ అంతా మ్యాచింగ్ నంబర్లలోనే ఉంటుందని ఎవరో చెప్పడం ఎండుగడ్డి దగ్గర అగ్గిపుల్ల గీయడమే. అందులో న్యాయం కూడా ఉంది. బోల్టు తన తుపాకీలో సరిగ్గా ఇమిడేలా కర్మాగారంలో కూర్చి, రెండింటి మీదా ఒకే నంబరు కొట్టేవారు. వేరే బోల్టు తగిలిస్తే తూటా వెనుక సందు ఎక్కువో తక్కువో అయి, పేల్చేవాడికి ప్రమాదం. ఆ నంబరునే దూరాన్ని బట్టి పైకెత్తే గురి పలక అడుగున, ముందు చెక్క కింద, గొట్టం మూతి దగ్గర బాయొనెట్టు తగిలించే నోస్ క్యాప్ మీద కూడా ముద్రించేవారు. ఇన్నిచోట్లా ఒకే నంబరు ఉంటే ఆ తుపాకీ పుట్టింటి సొత్తుతో కాపురానికి వచ్చిన కోడలివంటిది. లేకపోతే, ఏ సైనిక డిపోలోనో నాలుగు తుపాకులు కలిసి ఒక తుపాకీ అయిందని అర్థం.

విజయదశమికి నాలుగు రోజుల ముందు హాలులో పాత దుప్పటి పరచి, మనవరాలి చేతికి సెల్లు లైటు ఇచ్చి, నోటు పుస్తకంలో గీతలు గీసి పట్టిక వేసుకొని పనికి కూర్చున్నాను. అసలు చిక్కు కుంకుమతో వచ్చింది. ప్రతి దసరాకూ మా ఆవిడ ఆయుధపూజలో ఈ తుపాకీకి పసుపు రాసి బొట్లు పెడుతుంది. ఆ బొట్టు పెట్టే వేలికి, నంబరు మొదట్లో ఉండే ఇంగ్లీషు అక్షరానికి పూర్వజన్మ బంధం ఏదో ఉండి ఉండాలి, సరిగ్గా దాని మీదే పడుతుంది. ఏళ్ల తరబడి పడిన బొట్లు నూనెతోనూ సముద్రపు ఉప్పు గాలితోనూ కలిసి గట్టి పెచ్చుగా మారాయి. తడిగుడ్డ తెస్తానని ఆమె లేచింది. పాత వస్తువు మీద కాలం వేసిన పొరను తాకడం మహాపరాధమనీ, సేకరణకర్తలు ప్రాణం పోయినా ఆ పని చేయరనీ నేను ఆమెను కూర్చోబెట్టాను. తన కుంకుమకు ఇంత గౌరవం దక్కడం పెళ్లయిన తరువాత ఇదే మొదటిసారి కాబట్టి ఆమె కూడా ఊరుకుంది.

తుపాకీ దేహం మీద 6891. గురి పలక అడుగున 6891. చెక్క కింద భూతద్దం పెట్టగా 6891. తుపాకీని కుర్చీ మీద వెల్లకిలా పడుకోబెట్టి నోస్ క్యాప్ చూస్తే అక్కడ కూడా 6891. నాకు ఓడ ఖాళీ అయినంత సంతోషం కలిగింది. చివరిగా బోల్టు బయటికి లాగి, దాని పిడి వెనుక చూశాను. 1689.

అరగంట గడవక ముందే అనకాపల్లిలోని మా బావమరిదికి ఫోను చేశాను. తుపాకీ మా ఇంటికి వచ్చేదాకా వాళ్ల అటక మీదే ఉండేది.

“ఏమయ్యా, బోల్టు ఏం చేశావు?”

“ఏ బోల్టు బావగారూ, బాత్రూము తలుపుదా?”

విషయం వివరించిన మీదట అతడు చాలాసేపు ఆలోచించి, చిన్నప్పుడు దానితో బాదంకాయలు కొట్టుకొని పప్పు తిన్నమాట నిజమేగానీ, మార్చడానికి ఇంకొక బోల్టు తమ ఇంట్లో ఎక్కడిదని అడిగాడు. ఆ ప్రశ్నలోని సబబును పట్టించుకునే స్థితిలో నేను లేను. నోస్ క్యాప్ వంటి చిన్న వస్తువు కూడా డెబ్భై ఎనభై ఏళ్లుగా తన నంబరును కాపాడుకుంటే, మీ ఇంట్లో బోల్టంత బోల్టు పరాయిదైపోయిందని గట్టిగా అన్నాను. ఆ రోజు మా ఆవిడ నాతో మాట్లాడలేదు. మరునాడు వడ్డించింది గానీ, ఇంకొంచెం వేయమంటారా అని అడగలేదు.

పండుగ ముందురోజు బావమరిది మాడుగుల హల్వా పొట్లంతో దిగాడు. మేమిద్దరం ముఖాలు చెరొక దిక్కు పెట్టుకొని కూర్చున్న సమయంలో, పూజకు సామాన్లు తోముకుంటున్న మా ఆవిడ ఇత్తడి కుందులతో పాటు బోల్టును కూడా చింతపండు వేసి రుద్దేసింది. నేను అరిచేలోగానే పెచ్చు ఊడి నీళ్లలో కలిసిపోయింది.

“ఏమండీ, ఈ అంకెల చివర ఎఫ్ అక్షరం కాళ్లు పైకి పెట్టుకొని ఉందేమిటి?”

అక్షరం నంబరుకు ముందు ఉండాలి, అది కూడా నిటారుగా ఉండాలి. బోల్టును చేతిలో తిప్పి పట్టుకొని చూశాను. ఆ ముద్రలో ఒకటి అంకె నిలువు గీత మాత్రమే, ఎనిమిది ఎటు తిప్పినా ఎనిమిదే, ఆరూ తొమ్మిదీ ఒకదాని వేషం మరొకటి వేస్తాయి. నిటారుగా చదివితే ఎఫ్ 6891. ముప్ఫై ఒక్క సంవత్సరాల టాలీ క్లర్కు నంబరును తలకిందులుగా చదివాడన్నమాట. బావమరిది ఏమీ అనలేదు, హల్వా పొట్లం విప్పి ముందుగా నాకే పెట్టాడు. “అయితే చిన్న తాతయ్య కొట్టింది ఒట్టి బాదంకాయలేనా?” అని మనవరాలు అడగవలసినదంతా అడిగేసింది.

అందరూ నవ్వుకొని భోజనాలకు లేచాక, మనసులో ఏదో మెదిలి, నేను తుపాకీ దగ్గరికి వెళ్లి గోటితో నోస్ క్యాప్ మీది కుంకుమను కొద్దిగా గీకాను. నేను వెల్లకిలా పడుకోబెట్టి 6891 అని చదివిన అంకెల చివర ఒక టి అక్షరం శీర్షాసనం వేసి కనిపించింది. తుపాకీని తిప్పాను. టి 1689. ఎవరి ఇంటిదో, ఏ డిపోలో వచ్చి చేరిందో, నేను ఫోనులో అంత పొగిడిన ఆ నోస్ క్యాప్ ఒక్కటే పరాయిది.

మరునాడు పూజలో, ఎప్పుడూ లేనిది, బొట్లు నేను పెడతానని కుంకుమ భరిణె అందుకున్నాను. తుపాకీ దేహానికి ఒకటి, బోల్టుకు ఒకటి చిన్నవి పెట్టి, నోస్ క్యాప్ దగ్గరికి వచ్చేసరికి బొటనవేలు నూనెలో ముంచి, దోసకాయ గింజంత సరిపోయేచోట రూపాయి బిళ్లంత బొట్టు దట్టించాను.

“దానికెందుకండీ అంత పెద్దది?” అంది మా ఆవిడ.

“మూతి కదా, ముందు కనబడేది అదే,” అన్నాను.