సైన్స్ వార్తకి జోకే ఎడిటర్

2019లో ట్విట్టర్‌లో ఒక అకౌంట్ మొదలైంది. అది చేసే పని ఒక్కటే, "అల్జీమర్స్‌కి మందు దొరికింది", "ఇది తింటే ఆయుష్షు పెరుగుతుంది" లాంటి వార్త ఎక్కడ కనిపించినా తీసుకొచ్చి పైన "ఎలుకల్లో" అని ఒక్క మాట తగిలించి వదిలేయడం, అంటే ఆ ప్రయోగం జరిగింది ఎలుకల మీదే, మనుషుల మీద కాదు అని. ఇంకేం రాయదు, తిట్టదు, వివరించదు. నడిపింది కూడా ఎవరో ఆకతాయి కాదు, ఒక సైంటిస్టే. జనం విరగబడి నవ్వారు, ఎందుకంటే ఆ వార్తలన్నీ నిజమే అనుకుంటే ఈపాటికి భూమ్మీద అందరికంటే ఆరోగ్యంగా, తెలివిగా, ముసలితనం లేకుండా బతకాల్సింది ల్యాబ్ ఎలుకలే. కొండని తవ్వి ఎలుకని పట్టడం అంటే ఏంటో అనుకున్నాం గానీ, ఎలుకని పట్టుకుని కొండంత హెడ్‌లైన్ తవ్వడం ఇప్పుడు చూస్తున్నాం.

ఈ జోక్ నాకు ఎందుకు నచ్చుతుందంటే, ఇది వార్తని ఖండించట్లేదు, హెడ్‌లైన్ మింగేసిన షరతుని బయటకి కక్కిస్తోంది అంతే. నిజానికి ఇది ఎడిటర్ చేయాల్సిన పని, జీతం తీసుకుని చేయాల్సిన పని, అది ఎవరో సరదాకి ఫ్రీగా చేసి పెడుతున్నారు. సైన్స్, టెక్నాలజీ వార్తల మీద పేలే జోకుల్లో మంచివన్నీ దాదాపు ఇదే బాపతు. కాకపోతే ఈ ఎడిటర్‌కి ఒక చూపు లోపం ఉంది, దాని సంగతి కూడా చెప్పుకోవాలి.

ముందు తప్పు ఎక్కడ జరుగుతుందో చూద్దాం, ఎందుకంటే జోకులన్నీ వెళ్లి విలేకరి నెత్తిమీదో సైంటిస్ట్ నెత్తిమీదో పడతాయి. 2014లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య జర్నల్‌లో ఒక స్టడీ వచ్చింది, బ్రిటన్‌లో 20 పెద్ద యూనివర్సిటీలు 2011లో ఇచ్చిన 462 ప్రెస్ రిలీజ్‌లు తీసుకుని, అసలు పేపర్‌లో ఏముంది, రిలీజ్‌లో ఏముంది, న్యూస్‌లో ఏం వచ్చింది అని మూడింటినీ పక్కపక్కన పెట్టి చూశారు. జంతువుల మీద చేసిన రీసెర్చ్ గురించి ఇచ్చిన ప్రెస్ రిలీజ్‌ల్లో 36 శాతం, దాన్ని మనుషులకి అంటగట్టేశాయి! అంటే విలేకరి చేతికి రాకముందే ఎలుక మనిషైపోయింది. రిలీజ్‌లో అతి ఉంటే న్యూస్‌లో కూడా అతి రావడం చాలా ఎక్కువ, రిలీజ్ ఒద్దికగా ఉంటే న్యూస్ కూడా చాలావరకు ఒద్దికగానే ఉంది. ఇంకో విషయం, అతి చేసిన రిలీజ్‌లకి కవరేజ్ ఎక్కువ వచ్చిందా అంటే అలాంటి ఆధారం పెద్దగా కనిపించలేదట. అంటే డప్పు కొట్టినా కొట్టకపోయినా జనం వచ్చేది అంతేనన్నమాట, మరి ఎందుకు కొడుతున్నట్టో.

ఫ్యూజన్ సంగతి తీసుకోండి, అంటే సూర్యుడిలో జరిగినట్టు చిన్న అణువుల కేంద్రకాలని కలిపి శక్తి పుట్టించడం. "ఫ్యూజన్ కరెంట్ ఇంకో 30 ఏళ్లలో వచ్చేస్తుంది, ఎప్పుడడిగినా ఇంకో 30 ఏళ్లే" అన్న జోక్ ఈ వార్తలు చదివేవాళ్లందరికీ కంఠతా వచ్చు. 2022 డిసెంబర్ 5న అమెరికాలో లారెన్స్ లివర్‌మోర్ ల్యాబ్‌లో లేజర్లతో 2.05 మెగాజౌళ్లు లోపలికి పంపితే 3.15 మెగాజౌళ్లు బయటకొచ్చాయి, పెట్టినదానికంటే ఎక్కువ వచ్చింది, చరిత్రలో మొదటిసారి. వారం తర్వాత ప్రకటించగానే "అంతులేని కరెంట్ వచ్చేసింది" అని హెడ్‌లైన్లు. జోకర్లు వెంటనే అడిగారు, ఆ లేజర్లు వెలగడానికి గోడలో ప్లగ్ నుంచి ఎంత లాగారు సార్ అని. దాదాపు 300 మెగాజౌళ్లు! ఆ లెక్కన వంద ఖర్చు పెట్టి ఒకటి సంపాదించి లాభం వచ్చిందని స్వీట్లు పంచుకోవడమే. జోక్ కరెక్టే. కానీ సగమే కరెక్ట్. ఆ లేజర్లు పాత డిజైన్, పొదుపుగా ఉండాలని వాటిని ఎవరూ కట్టలేదు, అసలు ఆ ల్యాబ్ కట్టిందే ముఖ్యంగా అణ్వాయుధాల పరిశోధన కోసం, కరెంట్ అమ్ముకోవడానికి కాదు. ఇంధనపు గుళిక తన మీద పడిన శక్తి కంటే ఎక్కువ ఇవ్వగలదా లేదా అన్నది అక్కడి ప్రశ్న, దశాబ్దాలుగా ఉన్న ప్రశ్న, దానికి జవాబు దొరికింది. "30 ఏళ్లు" జోక్ మాత్రం ఆ జవాబుకి ముందు ఎలా ఉందో తర్వాత కూడా అలాగే ఉంది, ఒక్క అక్షరం మారలేదు. నేను చెప్పిన చూపు లోపం ఇదే. పెద్ద మాటని టక్కున పట్టుకుంటుంది, నెమ్మదిగా కదిలిన పని దానికి ఆనదు.

ఎల్‌కే-99 గుర్తుందా? 2023 జులైలో కొరియా వాళ్లు మామూలు గది వేడిమిలో, మామూలు ఒత్తిడిలో పనిచేసే సూపర్‌కండక్టర్, అంటే కరెంట్‌కి రెసిస్టెన్స్ అసలే లేని పదార్థం, ఎల్‌కే-99 అనే పేరుతో దొరికిందన్నారు, అయస్కాంతం మీద సగం తేలుతూ సగం ఆనుకుని ఉన్న ఒక నల్ల ముక్క వీడియో వచ్చింది, ఇక ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం, రెండు రోజుల్లో గాల్లో తేలే రైళ్లు, వేడెక్కని ఫోన్లు అన్నీ వచ్చేశాయి. ఆగస్టు సగానికల్లా ల్యాబులన్నీ కలిసి తేల్చేశాయి, అందులో కలిసిన కాపర్ సల్ఫైడ్ అనే మలినం 104 డిగ్రీల దగ్గర రూపం మార్చుకుంటుంది, రెసిస్టెన్స్ ఒక్కసారిగా పడిపోయినట్టు కనిపించింది అందుకే. దీని మీద పేలిన జోకులకి నాకేం అభ్యంతరం లేదు, అక్కడ జోక్‌కీ సైన్స్‌కీ ఒకే తీర్పు వచ్చింది.

న్యూట్రినోల కేసులోనే కొంచెం అన్యాయం జరిగింది అనిపిస్తుంది. న్యూట్రినోలంటే దేన్నైనా దాదాపు తాకకుండా దాటిపోయే అతి చిన్న కణాలు. 2011 సెప్టెంబర్‌లో, జెనీవా దగ్గరున్న సెర్న్ ఫిజిక్స్ ల్యాబ్ నుంచి ఇటలీలో గ్రాన్ సాసో ల్యాబ్ దాకా 730 కిలోమీటర్లు భూమిలోంచి వెళ్లిన న్యూట్రినోలు కాంతి కంటే 60 నానోసెకన్లు ముందే చేరాయని ఒపేరా అనే ప్రయోగం టీమ్ చెప్పింది. "ఇక్కడ కాంతికంటే వేగంగా వెళ్లేవాళ్లని రానివ్వం అన్నాడు బార్‌లో మనిషి. ఒక న్యూట్రినో బార్‌లోకి వచ్చింది." ఈ జోక్ ప్రపంచమంతా తిరిగింది, నిజంగానే మంచి జోక్, జవాబు ముందొచ్చి ప్రశ్న తర్వాత రావడంలోనే ఫిజిక్స్ మొత్తం ఉంది. కొన్ని నెలలకి ఫైబర్ కేబుల్ కనెక్షన్ ఒకటి సరిగ్గా బిగించలేదని తేలింది, అప్పట్నుంచి "వైర్ లూజ్ అయితే ఐన్‌స్టీన్ తప్పన్నారు" అని నవ్వడం. కానీ ఆ టీమ్ ఐన్‌స్టీన్ తప్పని ఎక్కడా అనలేదు. నెలల తరబడి వెతికాం, మాకు తప్పు దొరకట్లేదు, మీరు కూడా చూడండి అని అడిగారు. ఐన్‌స్టీన్‌ని కూలదోసింది హెడ్‌లైన్లు. కేబుల్ లూజ్ అని కనిపెట్టి బయటపెట్టింది కూడా వాళ్లే. చివరికి టీమ్ నాయకులిద్దరు 2012 మార్చిలో పదవులు వదులుకున్నారు.

2024 వైఆర్4 అనే గ్రహశకలం కథ ఇంకా బాగుంటుంది. 2024 డిసెంబర్ 27న చిలీలో ఉన్న అట్లాస్ టెలిస్కోప్‌కి కనపడింది, దాదాపు 60 మీటర్ల రాయి, 2032 డిసెంబర్ 22న భూమిని కొట్టొచ్చు అన్నారు. ముందు 1 శాతం అన్నారు, తర్వాత 2 అన్నారు, 2025 ఫిబ్రవరి 18కి 3.1 శాతం అయింది, అంత సైజు రాయికి ఎప్పుడూ లేనంత. "రా తల్లీ రా, ఈఎంఐలు కట్టే పని తప్పుతుంది" దగ్గర్నుంచి "3 శాతమేనా, మా ఆఫీసులో హైక్ కూడా అంతే" దాకా జోకులే జోకులు. వారం తిరిగేసరికి సున్నాకి దగ్గరకి పడిపోయింది. అప్పుడు రెండో రౌండ్ మొదలైంది, నాసా వాళ్లకి లెక్కలు రావు, రోజుకో మాట చెప్తారు, బడ్జెట్ కోసం భయపెట్టారు అని.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆ రోజు ఆ రాయి ఎక్కడుంటుందో మొదట్లో ఖచ్చితంగా తెలీదు, చాలా పొడుగైన ఒక పట్టీలో ఎక్కడో ఉంటుంది అని మాత్రమే తెలుసు, ఆ పట్టీలో భూమి ఒక చుక్క. రోజూ కొత్త కొలతలు వచ్చేకొద్దీ పట్టీ కురచ అవుతుంది, కానీ భూమి సైజు మారదు కదా, పట్టీ సగమై భూమి ఇంకా అందులోనే ఉంటే భూమి వాటా దాదాపు రెట్టింపవుతుంది. ఇలా పెరిగీ పెరిగీ ఒకరోజు పట్టీ అంచు భూమిని దాటి పక్కకి జరుగుతుంది, అంతే, సంఖ్య ధభాల్న సున్నా వైపు పడుతుంది. అంటే పెరగడమూ పడిపోవడమూ రెండూ లెక్క సరిగ్గా జరుగుతోందనడానికే గుర్తు. ఈ సంగతి ఖగోళం వాళ్లు మొదట్నుంచీ చెప్తూనే ఉన్నారు, పెరగొచ్చు, ఆ తర్వాత చాలావరకు సున్నాకి వెళ్తుంది అని. హెడ్‌లైన్ అది మింగేసింది, ఈసారి జోక్ కూడా దాన్ని కక్కించలేకపోయింది, ఎందుకంటే "పట్టీ కురచ అయింది" అంటే ఎవరు నవ్వుతారు?

ఈ లోపం అన్నిటికంటే ఎక్కువ బయటపడేది, జరగని ప్రమాదాల దగ్గర. వై2కే, అంటే 2000 రాగానే కంప్యూటర్లు దాన్ని 1900 అనుకుని తప్పు చేస్తాయన్న భయం, ఇప్పటికీ నవ్వులాటే, 2000 జనవరి 1న విమానాలు కూలిపోతాయన్నారు, ఏమీ కాలేదు, అంతా హైప్ అని. ఏమీ కాకపోవడానికి ముందు ఏళ్ల తరబడి ప్రోగ్రామర్లు కూర్చుని, సంవత్సరానికి రెండంకెలే పెట్టిన, కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో ఉన్న కోడ్‌ని లైన్ లైన్ వెతికి సరిచేశారు, ప్రపంచం మొత్తం మీద 30 వేల కోట్ల డాలర్ల పైనే ఖర్చయిందని అంచనాలున్నాయి. అందులో కొంత వేస్ట్ ఖర్చు ఉండే ఉంటుంది, కాదనను. కానీ పని సరిగ్గా చేస్తే మిగిలేది ఒక ఖాళీ రోజు, ఆ ఖాళీ మీద జోక్ వేయడం చాలా ఈజీ. ఓజోన్ కూడా అంతే. "ఓజోన్ రంధ్రం ఏమైంది, ఇప్పుడెవరూ మాట్లాడరేం" అని వెటకారంగా అడుగుతుంటారు. 1985లో అంటార్కిటికా మీద రంధ్రం ఉందని పేపర్ వచ్చింది, 1987లో మాంట్రియల్ ఒప్పందం మీద సంతకాలు అయ్యాయి, ఓజోన్‌ని తినేసే, ఫ్రిజ్‌లలో వాడే సీఎఫ్‌సీ గ్యాసులు ఆపేశారు, ఇప్పుడు నెమ్మదిగా పూడుతోంది, 2066 ప్రాంతానికి అంటార్కిటికా మీద కూడా 1980 నాటి స్థితికి వస్తుందని ఐక్యరాజ్యసమితి నిపుణుల అంచనా. అదీ ఏమైందంటే.

అలాగని జోక్ పైపై సరుకు అనుకుంటే పొరపాటు, సైన్స్ లోపలే కూర్చుని పనిచేసిన జోకులున్నాయి. నాకు బాగా ఇష్టమైనది చచ్చిన చేప. 2009లో కొందరు మెదడు శాస్త్రవేత్తలు ఒక చచ్చిన సాల్మన్ చేపని ఎమ్మారై మెషీన్‌లో పడుకోబెట్టి, మనుషుల ఫొటోలు చూపించి, ఈ ఫొటోలో మనిషి ఏ భావంలో ఉన్నాడో చెప్పు అని అడిగారు. ప్రోటోకాల్ ప్రకారం, సీరియస్‌గా. స్కాన్‌లో చేప మెదడు దగ్గర కొన్ని చుక్కలు వెలిగాయి! స్కాన్ సాఫ్ట్‌వేర్ మెదడుని లక్షకి పైగా చిన్న గడులుగా విడగొట్టి ఒక్కోదాన్ని విడిగా పరీక్షిస్తుంది, వెయ్యికి ఒక గడి పొరపాటున వెలిగినా లక్షకి వంద వెలుగుతాయి, దానికి సవరణ చేయకపోతే చచ్చిన చేప కూడా మనుషుల బాధ అర్థం చేసుకుంటుంది. సవరణ చేశారు, చుక్కలు మాయం. ఆ సవరణ చేయకుండానే అచ్చయిన పేపర్లు అప్పటికి బోలెడు. ఎన్ని ఉపన్యాసాలిచ్చినా అర్థం కానిది ఒక్క చేపతో అర్థమైపోయింది, 2012లో దానికి ఇగ్ నోబెల్ వచ్చింది, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే సరదా బహుమతి అది. ఆ బహుమతిని తక్కువగా చూడకండి, అయస్కాంతంతో కప్పని గాల్లో తేలించినందుకు 2000లో ఇగ్ నోబెల్ అందుకున్న ఫిజిక్స్ శాస్త్రవేత్త ఆండ్రే గైమ్, గ్రాఫీన్ అనే ఒక్క అణువు మందం కార్బన్ పొర మీద చేసిన పనికి 2010లో అసలు నోబెలే అందుకున్నాడు.

ఇదివరకు వార్త ముందు, జోక్ వెనక నడిచేవి. ఇప్పుడు ఆ క్రమం తిరగబడుతోంది, నాకు కంగారు పుట్టించేది ఇదే. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ ఒకటి తేడా కొట్టి 85 లక్షల విండోస్ మెషీన్లు నీలి స్క్రీన్‌తో పడిపోయాయి, ఎయిర్‌పోర్టులు ఆగిపోయాయి. అమెరికాలో సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ మాత్రం నడిచింది. వాళ్లింకా విండోస్ 3.1 వాడుతున్నారు కాబట్టే బతికిపోయారు అని ఒకాయన ట్వీట్ చేశాడు, ఆటపట్టించడానికే అన్నానని తర్వాత ఆయనే చెప్పాడు. విండోస్ 3.1 వచ్చింది 1992లో. ఈలోపు ఆ మాట న్యూస్ సైట్లలో వార్తగా వచ్చేసింది, ఒకరిని చూసి ఇంకొకరు రాశారు, వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే చివరికి మిగిలేది ఆ ట్వీటే.

అంతకుముందు మే నెలలో గూగుల్ ఏఐ సమాధానాలు మొదలైనప్పుడు, పిజ్జా మీద చీజ్ జారిపోతోంది ఏం చేయాలి అంటే కొంచెం జిగురు కలపండి, విషం లేని రకం చూసుకోండి అని చెప్పింది. అది అప్పటికి పదకొండేళ్ల కింద రెడిట్ అనే చర్చల సైట్‌లో ఎవరో వేసిన జోక్. రోజుకి కనీసం ఒక చిన్న రాయి తినమని కూడా చెప్పింది, అది ది ఆనియన్ అనే వ్యంగ్య సైట్ రాసిన ముక్క. ఆనియన్ ముక్కలో సలహా ఇచ్చింది భూగర్భ శాస్త్రవేత్తలు, తినమన్నది రాళ్లు, మనిషైతే అక్కడే పట్టేస్తాడు. మెషీన్‌కి అందులో "శాస్త్రవేత్తలు" కనపడ్డారు, "రోజుకి" అని డోసు కనపడింది, ఆరోగ్య సలహాకి కావాల్సిన సరంజామా అంతా ఉంది. గూగుల్ వాళ్లు తర్వాత వ్యంగ్య సైట్లని, జనం రాసుకునే పోస్టులని తక్కువ తీసుకునేలా సర్దామన్నారు. అయినా ఈ అలవాటు మెషీన్ కొత్తగా కనిపెట్టిందేమీ కాదు, ప్రెస్ రిలీజ్‌లో "నిపుణులు" అన్న మాట చూసి మిగతాది చదవకుండా హెడ్‌లైన్ పెట్టేసేవాళ్లు అంతకుముందు నుంచే ఉన్నారు, వాళ్లని సర్దే అప్‌డేట్ మాత్రం ఇంకా రాలేదు.