పదహారేళ్ల పిల్లల చేత మందు పోయిస్తారా?

అమెరికాలోని అయోవా రాష్ట్ర రిపబ్లికన్ గవర్నర్ కిమ్ రేనాల్డ్స్ 2023 మే 26న ఒక బిల్లు మీద సంతకం పెట్టారు. ఆ ఏడాది జులై 1 నుంచి అక్కడి రెస్టారెంట్లలో పదహారు, పదిహేడేళ్ల పిల్లలు కస్టమర్ల టేబుల్ దగ్గరికి మద్యం తెచ్చి ఇవ్వొచ్చు. అంతకుముందు ఆ పనికి 18 నిండాల్సి ఉండేది. ఈ చట్టం ప్రకారం అమ్మో నాన్నో సంతకం చేసిన కాగితం ఉండాలి, వంటగది నడుస్తూ ఉండాలి, ఇద్దరు పెద్దవాళ్లు డ్యూటీలో ఉండాలి, అంతే. ఇదే అమెరికాలో 21 ఏళ్లు నిండనిదే మద్యం కొనకూడదు. ఆ నియమానికి ఒప్పుకోని రాష్ట్రాలకు హైవే నిధుల్లో కోత పెడతామని 1984లో చట్టం చేసి మరీ దేశమంతా అమలు చేయించారు. అంటే తాగడానికి 21 కావాలి, తాగేవాళ్ల మధ్య గ్లాసులు పట్టుకుని తిరగడానికి మాత్రం 16 చాలు!

ఈ చట్టంలో ఇంకో నిబంధన ఉంది, అది చదివితే కడుపు రగిలిపోతుంది. మద్యం అందించే ఈ పిల్లలకు లైంగిక వేధింపులను ఎలా అడ్డుకోవాలి, జరిగితే ఏం చేయాలి అని శిక్షణ ఇవ్వాలట. వేధింపు జరిగినట్టు ఫిర్యాదు వస్తే యజమాని ఆ సంగతి తల్లిదండ్రులకు, రాష్ట్ర పౌర హక్కుల సంస్థకు తెలియజేయాలట. అంటే ఏం జరగొచ్చో వాళ్లకు ముందే తెలుసు. తెలిసి, చట్టంలో రాసుకుని, ఆ పిల్లను ఆ టేబుల్ దగ్గరికే పంపుతున్నారు. ప్రమాదం ఉందని ఒప్పుకున్నవాళ్లు దాన్ని తప్పించాలి గానీ, తట్టుకోవడం నేర్చుకోమని ఆ భారం పదో తరగతి వయసు పిల్ల నెత్తిన పెట్టడం ఏమిటి?

మద్యం అందించడమంటే సీసా తెచ్చి పెట్టడం ఒక్కటే కాదు. ఎదుటివాడికి ఎక్కిందో లేదో కనిపెట్టాలి. ఎక్కితే ఇంకో పెగ్గు ఇవ్వనని మొహం మీద చెప్పాలి. వాడు బండి తాళాలు తీస్తే ఆపాలి, వయసు కార్డు నకిలీదైతే పట్టుకోవాలి. నలభై ఏళ్ల సర్వర్లే ఈ గొడవ ఎందుకులే అని చాలాసార్లు తలదించుకుని పోసేస్తారు. పైగా అక్కడ సర్వర్ల బతుకంతా టిప్పు మీదే. టిప్పులు తీసుకునే పనివాళ్లకు యజమాని గంటకు 4.35 డాలర్లిస్తే అయోవాలో చట్టం ఒప్పుకుంటుంది. తన సంపాదన ఎవడి జేబులోంచి రావాలో వాడికే మందు చాలించమని పదహారేళ్ల పిల్ల ఎలా చెప్పగలదు? చెయ్యి పట్టుకుంటే ఎవరికి చెప్పుకోగలదు?

రెస్టారెంట్ల యజమానులు కోవిడ్ తర్వాత మనుషులు దొరకడం లేదంటున్నారు, పిల్లలకు నాలుగు డాలర్లు వస్తే మంచిదే కదా అంటున్నారు. వాళ్ల ఇబ్బంది నిజమే కావచ్చు. కానీ మనుషులు దొరకనప్పుడు పెంచాల్సింది జీతం, తగ్గించాల్సింది వయసు కాదు.

మాకు అసలు భయం అయోవా ఒక్కదాని గురించి కాదు. మద్యం అందించే వయసులో ఇడాహో రాష్ట్రం 19 నుంచి 17కు దిగింది. మిషిగన్ 2022లో 18 నుంచి 17కు దిగింది, అక్కడ సంతకం చేసింది డెమొక్రాట్ గవర్నరే కాబట్టి ఇది ఒక్క పార్టీ పాపం అనుకోవడానికీ లేదు. 2023లో అయోవా 16. విస్కాన్సిన్‌లో అదే ఏడాది మేలో కొందరు చట్టసభ సభ్యులు 14కు దించుదామని ప్రతిపాదన తెచ్చారు. పద్నాలుగు! పక్క రాష్ట్రం చేసిందిగా, మనం చేస్తే తప్పేంటి అనే ఒక్క మాట మీద వయసు మెట్టు మెట్టుగా జారిపోతోంది. మాంసం కర్మాగారాలను కడిగే ఒక కంపెనీ 13 నుంచి 17 ఏళ్ల పిల్లలు 102 మందితో పని చేయించి దొరికిపోయి 15 లక్షల డాలర్ల జరిమానా కట్టింది 2023 ఫిబ్రవరిలోనే. అది చూశాక కూడా పిల్లల పని చట్టాలను బిగించకుండా వదులు చేస్తున్నారంటే ఏమనుకోవాలి?

ఎక్కడో అమెరికా సంగతి మనకెందుకు అనకండి. మన కేంద్ర చట్టం 14 దాటి 18 నిండని పిల్లలను గనులు, పేలుడు పదార్థాలు, ప్రమాదకర ప్రక్రియల దగ్గర మాత్రమే వద్దంటోంది. 2016 సవరణ తర్వాత పరిస్థితి ఇదే. మద్యం షాపు పక్కన పర్మిట్ రూముల్లో నీళ్ల ప్యాకెట్లు, గ్లాసులు, స్టఫ్ అందించే కుర్రాళ్లకు మీసాలు వచ్చాయో లేదో ఎవరైనా చూస్తున్నారా? మద్యం అందించే చోట మహిళలు పని చేయకూడదన్న పంజాబ్ చట్టం నిబంధన చెల్లదని సుప్రీంకోర్టు కూడా 2007లో తేల్చింది, మంచిదే. కానీ అది మేజర్ల ఉపాధి హక్కు. రేపు దాన్నీ అయోవానీ కలిపి చూపించి మైనర్లకూ తలుపు తీయమనే వాళ్లు ఇక్కడ పుట్టరని నమ్మకమేంటి?

అయోవా సెనేట్ ఈ బిల్లు కోసం రాత్రంతా కూర్చుని తెల్లవారుజామున ఐదు కొట్టకముందే 32-17 ఓట్లతో గట్టెక్కించింది. ఆ రాష్ట్రంలో కనీస వేతనం 2008 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఉండిపోయింది. ఆ అంకె పెంచడానికి ఇన్నేళ్లలో మనసు రాని పెద్దమనుషులకు, పిల్లల చేతికి ట్రే ఇవ్వడానికి మాత్రం ఒక్క రాత్రి సరిపోయింది. సిగ్గుపడాలి.