కారు బాగు చేయమంటే జాబ్ కార్డు మూసేస్తున్నారు

జూలైలో ఒక వానరాత్రి మర్నాడు మా అత్తగారిని గుంటూరులో దింపడానికి విజయవాడ నుంచి బయలుదేరాను. వారధి ఎక్కామో లేదో, ముందు సీటులో ఉన్న ఆవిడ రెండు కాళ్లూ పైకి లాక్కుని, "బాబూ, బందరు కాలువను కారులోకి మళ్లించారా?" అన్నారు. కారు ఆపి చెయ్యి పెట్టి చూస్తే, కార్పెట్టు పిండితే నీళ్లు కారేలా ఉంది. కొని 14 నెలలైన కారు!

అప్పటి నుంచి షోరూమువాళ్ల సర్వీసు సెంటరుకు 5 సార్లు తిరిగాను. మొదటిసారి ఏసీ నీళ్లు పోయే గొట్టం శుభ్రం చేశామన్నారు. రెండోసారి, "అద్దం దించి మరచిపోయి ఉంటారు సార్" అన్నారు. మూడోసారి వాక్యూమ్ పెట్టి, సెంటు కొట్టి ఇచ్చారు. లోపల తడి అలాగే ఉంది, వాసన మాత్రం మారింది. నేను చెప్పింది "వాన పడితే ముందు ఎడమవైపు కింద నీళ్లు చేరుతున్నాయి" అని. జాబ్ కార్డు, అంటే కారు తీసుకునేటప్పుడు మన ఫిర్యాదు, తర్వాత చేసిన పని రాసే కాగితం, దాని మీద వాళ్లు రాసుకున్నది "జనరల్ చెకప్, లోపం కనబడలేదు" అని. అసలు గొడవంతా ఈ కాగితం దగ్గరే ఉంది. సాయంత్రానికి ఎన్ని కార్డులు మూశారన్నదే వాళ్ల లెక్క. నా కారు పొడిగా ఉందా లేదా అన్నది ఆ లెక్కలోకి రాదు.

ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. నా కారుకు సన్‌రూఫ్ ఉంది, అంటే పైకప్పులో తెరుచుకునే అద్దం. దాని చుట్టూ ఉన్న రబ్బరు నీళ్లను పూర్తిగా ఆపదు. లోపలికి దిగిన నీళ్లు ఒక పళ్లెం లాంటి దాంట్లో పడి, మూలల్లోని సన్నని గొట్టాల గుండా, పైకప్పును మోసే స్తంభాల్లోంచి కిందికి పోతాయి. గొట్టం దుమ్ముతో పూడుకుపోయినా, అతుకు దగ్గర ఊడినా ఆ నీళ్లు డాష్‌బోర్డు వెనక నుంచి కాళ్ల దగ్గరికి చేరతాయి. కార్పెట్టు కింద వైర్ల కనెక్టర్లు ఉంటాయి కాబట్టి ఇది బూజు వాసనతో పోయే విషయం కాదు.

వాళ్లు వాటర్ టెస్టు చేశారు, నిజమే. కానీ చదునైన నేల మీద చేశారు. మా అపార్టుమెంటులో కారు ఏటవాలు మీద, ముందుభాగం కిందికి ఉండేలా నిలబెడతాను. అలా నిలబెట్టి చూడమంటే, "మా ప్రొసీజర్‌లో లేదు సార్" అన్నారు. చివరికి ఇంటి దగ్గర నేనే సన్‌రూఫ్ తెరిచి, ముందు మూలల్లో సీసాతో నెమ్మదిగా నీళ్లు పోశాను. కుడివైపు పోసినవి చక్రం పక్కన ధారగా పడ్డాయి. ఎడమవైపు ఒక్క చుక్క కూడా బయటికి రాలేదు. వీడియో తీసి మేనేజరుకు చూపించాను. ఆయన తాపీగా చూసి, "మీరే నీళ్లు పోశారు కదా సార్, ఇక వారంటీ ఎలా వర్తిస్తుంది?" అన్నారు. నాకు మాట రాలేదు.

అన్నిసార్లూ ఇంటికి చేరేలోపు సర్వీస్ అడ్వైజర్ నుంచి ఫోను. "కంపెనీ నుంచి కాల్ వస్తుంది, 10కి 10 ఇవ్వండి సార్, తక్కువైతే నా ఇన్సెంటివ్ పోతుంది." పాపం, కుర్రవాడు. పైవాళ్ల మీద పడాల్సిన తిట్లకు అతన్ని గొడుగులా పట్టారు. రెండుసార్లు జాలిపడి 10 ఇచ్చాను కూడా. అది నా తెలివితక్కువతనం. రేపు ఫిర్యాదు చేస్తే, తృప్తిపడ్డ వినియోగదారుడినని ఆ పదులే చూపిస్తారు.

అమెరికాలో ఉన్న మా తమ్ముడు, "అక్కడ లెమన్ చట్టం లేదా?" అని అడిగాడు. పదేపదే బాగు చేసినా కుదరని కొత్త కారును వెనక్కి తీసుకోవాలనో, మార్చి ఇవ్వాలనో చెప్పే చట్టం అది. మనకు కార్ల కోసం అలాంటిది ప్రత్యేకంగా లేదు, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టమే దిక్కు. వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను, అందుకు 2 సంవత్సరాల గడువుంది. లోపం ఉందో లేదో తేల్చడానికి నిపుణుల పరీక్ష కోరవచ్చు. కానీ అక్కడ కూడా ముందు అడిగేది కాగితాలే, నా దగ్గరున్న 5 కాగితాల్లోనూ "లోపం కనబడలేదు" అనే ఉంది.

అందుకే ఆరోసారి వెళ్లినప్పుడు, నా వాక్యం నా మాటల్లోనే కార్డు మీద రాస్తే తప్ప తాళం ఇవ్వనని కూర్చున్నాను. ఆ ఒక్క వాక్యానికి 40 నిమిషాలు పట్టింది, మేనేజరు రెండుసార్లు దిగి వచ్చారు. (లాంజ్‌లో కాఫీ మాత్రం బాగుంటుంది, అది ఒప్పుకోవాలి.) చివరికి రాశారు. ఫోటో తీసుకుని, తాళం ఇచ్చి, ఆటోలో ఇంటికి వచ్చాను.

కారు ఇంకా అక్కడే ఉంది. ఈరోజుకి నాలుగో రోజు. పొద్దున ఫోను చేస్తే, "వాన తగ్గాక చూస్తాం సార్" అన్నారు.