మేలో నీళ్లు ఎవరు పోస్తారు?

మాఘమాసం చివర్లో ఒక ఆదివారం సాయంత్రం మా మిద్దె మీద జరిగిన వాదన ఇది. ఇల్లు తిరుపతిలో, కపిలతీర్థం వైపు. నా భార్య మొక్కలు పెంచే సంచులు, అదే గ్రో బ్యాగులు, ఇరవై తెప్పించింది, కూరగాయల తోట పెట్టాలంటుంది. మా అమ్మ వద్దంటుంది. అమ్మ పాకాల దగ్గర పల్లెలో సేద్యం చేసే ఇంట్లో పుట్టింది. నా భార్య చిత్తూరులో అద్దె ఇళ్లలో పెరిగింది, ఇప్పుడు బ్యాంకులో పని. తోట కావాలనాల్సింది ఎవరో, వద్దనాల్సింది ఎవరో మా ఇంట్లో తారుమారైంది. నేను మధ్యలో నోరెత్తలేదు. విన్నది విన్నట్టు రాస్తున్నా, కొన్ని తిట్లు తీసేసి.

అత్త: ఇరవై సంచులా! అమ్మీ, ఇది మిద్దా, మార్కెట్ యార్డా?

కోడలు: ఒకసారి కొంటే రెండు మూడేళ్లు వస్తాయి అత్తా. ఇప్పుడు విత్తనం వేస్తే ఉగాది నాటికి తోటకూర, ఏప్రిల్‌లో బెండకాయలు.

అత్త: వేసేదాని గురించి నాకు చెప్పొద్దు. ఈ రోజుల్లో ఏం వేసినా మొలుస్తుంది. ఎండ లేతగా ఉంటుంది, సాయంత్రం పైకొస్తే గాలి బాగుంటుంది, ఇంట్లో అందరికీ మట్టి పిసకాలని బుద్ధి పుడుతుంది. మే నెల సంగతి చెప్పు. విత్తనం వేసేది నలుగురు, నీళ్లు పోసేది ఒకరు. ఆ ఒకరు ఎవరో నాకు తెలుసు. మా నాయన ఎద్దులతో కపిల తోలి బావి నీళ్లు తోడుతుంటే మడవలు మళ్లించింది నేను. పెళ్లయ్యాక పెరట్లో పాదులకి బావి నుంచి బిందెలు మోసింది నేను. బీరకాయలు బాగా కాశాయని పేరు మాత్రం మీ మామకొచ్చింది.

(ఇది నిజం. నాన్న బీరపాదు గురించి మా బంధువులు ఇప్పటికీ చెప్పుకుంటారు.)

కోడలు: నీళ్ల లెక్క వేశాను. ఎండాకాలంలో సంచికి రోజుకి రెండున్నర లీటర్లు అనుకుంటే ఇరవైకి యాభై.

అత్త: మన వీధికి నీళ్లు రోజు విడిచి రోజు. కల్యాణి డ్యాములో నీళ్లు తగ్గితే కండలేరు నుంచి వచ్చే తెలుగుగంగే దిక్కు. జనం బిందెలు పట్టుకుని ట్యాంకర్ కోసం చూసే రోజుల్లో నువ్వు బెండచెట్లకి యాభై లీటర్లు పోస్తావా?

కోడలు: కుళాయి నీళ్లు ముట్టను. వంటింట్లో ఆర్ఓ మిషన్ ఒక బిందె మంచినీళ్లిచ్చి రెండు బిందెలు తూములోకి వదులుతోంది. అవి పడతాను.

అత్త: అవి ఉప్పునీళ్లు. నెలరోజులు పోస్తే మట్టి మీద తెల్లగా పేరుకుంటుంది, ఆకుల అంచులు మాడతాయి. కింద మల్లెకుండీకి ఏమైందో చూడలేదా?

కోడలు: ఒట్టివి పోశాం కాబట్టి అలా అయింది. ఏసీ పైపులోంచి కారే నీళ్లలో ఉప్పు ఉండదు. రాత్రంతా ఏసీ వేస్తే బకెట్ నిండుతోంది, నిరుడు కొలిచాను. మొక్కలకి నీళ్లు ఎక్కువ కావాల్సిన రోజుల్లోనే ఏసీ కూడా ఎక్కువ నడుస్తుంది. దానికి బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు తోడైతే ఆర్ఓ ఉప్పు పలచబడుతుంది. సంచుల్లో పైన రెండంగుళాల మందాన వేరుశెనగ పొట్టు పరిస్తే తడి తొందరగా ఆరదు. పొట్టు మీ పుట్టింటి నుంచే తెచ్చుకోవచ్చు.

ఇక్కడ అమ్మ కాసేపు మాట్లాడలేదు. పుట్టింటి పొట్టు అనేసరికి కాస్త మెత్తబడిందనుకున్నా. కాదు, వాన గుర్తు చేసుకుంటోందట.

అత్త: 2021 నవంబరులో తిరుపతి వీధులన్నీ ఏరులై పారినప్పుడు మన హాల్లో రెండు చోట్ల కారింది. ఆ మిద్దె మీద మట్టి పెడతానంటున్నావు.

కోడలు: ఆ తర్వాత వాటర్‌ప్రూఫింగ్ చేయించాం కదా. బరువు గురించి కూడా కనుక్కున్నాను. మనుషులు తిరిగే మిద్దెకి చదరపు మీటరుకు 150 కిలోలు లెక్కగట్టి డిజైన్ చేస్తారట. పదిహేను అంగుళాల సంచిలో నలభై లీటర్లు పడుతుంది. ఒట్టి మట్టి నింపి తడిపితే అరవై కిలోలు దాటుతుంది.

అత్త: అంటే మీటరు జాగాలో మూడు పెడితేనే లెక్క తప్పింది!

కోడలు: అందుకే నడిమధ్య ఒక్కటీ పెట్టను. గోడల వారగా, బీముల మీద పెడతాను. మట్టి మూడో వంతే, మిగతాది కోకోపీట్ అనే కొబ్బరిపీచు పొడి, ఎరువు. కింద ఇటుకలు పెడితే నీళ్లు నిలవవు.

అత్త: ఏం వేస్తావు?

కోడలు: ముందు టమోటా.

అత్త: (నవ్వుతూ) టమోటానా! మదనపల్లెలో కాస్తుందని ఇక్కడా కాస్తుందనుకున్నావా? అది ఎత్తున ఉండే ఊరు, రాత్రి చల్లబడుతుంది. ఇక్కడ ఇప్పుడు నారు పోస్తే పూత వచ్చేసరికి ఏప్రిల్. పగలు ఎండ, రాత్రి ఉక్క. పూత నిలవదు, రాలిపోతుంది. చెట్టు ఏపుగా ఉంటుంది, కాయ ఉండదు.

(మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది, తిరుపతి 160 దగ్గర. పగలు 35 డిగ్రీలు దాటితే టమోటా పూత నిలవడం కష్టం. అమ్మకి ఈ అంకెలు తెలియవు.)

కోడలు: పోనీ చిక్కుడు? రథసప్తమికి పరమాన్నం పెట్టడానికి చిక్కుడాకులు కొనుక్కొచ్చాం. ఆకులు కూడా కొనాలా అని మీరే నొచ్చుకున్నారు.

అత్త: నొచ్చుకున్నా. అయితే చిక్కుడు వానాకాలంలో పెట్టాలి, చలికి పూస్తుంది. ఇప్పుడు పెడితే తీగ పాకుతుంది అంతే. బెండ, గోరుచిక్కుడు, దోస, బచ్చలి, తోటకూర. ఎండకి తట్టుకునేవి ఇవి. బెండగింజలు రాత్రి నానబెట్టి వెయ్యి. ఆకు ఈనెలు పసుపెక్కిన మొక్క కనిపిస్తే జాలిపడకుండా పీకెయ్. తెల్లదోమ ఆ తెగులు మిగతా వాటికి అంటిస్తుంది.

కోతుల మాట కూడా వచ్చింది. కొండ పక్క ఇల్లు, రాక తప్పుతుందా? వల కట్టాలన్నారు. అప్పటిదాకా ఇద్దరూ ఒప్పుకున్నది అదొక్కటే.

అత్త: ఇవన్నీ అటుంచు. పిల్లోడికి మార్చిలో టెన్త్ పరీక్షలు. ఇంట్లో ఉన్న టెన్షన్ చాలదా?

కోడలు: సగం వాడి కోసమే అత్తా. నిరుడు డ్రమ్ములో పెట్టిన సొరపాదు గుర్తుందా? పిందెలన్నీ పసుపెక్కి రాలిపోయేవి. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, మనం పొద్దున వెళ్లి చూసేవాళ్లం. తర్వాత వాడూ నేనూ ఏడింటికి ఫోన్ లైట్ వేసుకుని, మగపువ్వు కోసి, కింద పిందె ఉన్న ఆడపువ్వుకి రాసేవాళ్లం. కాసినవి మూడే కాయలు. కానీ ఆ పదిహేను నిమిషాలూ స్కూల్లో ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో, ఏ సార్ ఏమన్నాడో అన్నీ చెప్పేవాడు. కింద అడిగితే "ఏం లేదు" అంటాడు.

అత్త: నేనడిగితే అది కూడా అనడు. తలుపేసుకుంటాడు.

కోడలు: పరీక్షలయ్యేదాకా వాడిని పైకి పిలవను. తర్వాత ఎలాగూ సెలవులు.

అత్త: (చాలాసేపటికి) సొరకి సంచి చాలదు, డ్రమ్మే పెట్టు. మిగతావి ఎనిమిది.

కోడలు: పన్నెండు.

అత్త: ఎనిమిది. ఒకరోజు నీకు ఒళ్లు బాగలేకపోతే ఎనిమిది సంచులకి ఎవరైనా పోస్తారు. ఇరవైకి ఎవరూ పోయరు. మిగిలిన సంచులు మడిచి దాచు, శ్రావణంలో చిక్కుడుకీ టమోటాకీ పనికొస్తాయి.

కోడలు: పది. అయితే మీరు మాత్రం బకెట్ మోయకూడదు.

అత్త: నేను మోయను. నువ్వూ మోయొద్దు. బ్యాంకు నుంచి వచ్చేసరికే ఏడవుతుంది నీకు.

అప్పుడు ఇద్దరూ నా వైపు చూశారు. నేను అప్పటికి మూడో సంచి నింపుతున్నాను.

అమ్మ కిందికి వెళ్లి వంటింటి క్యాలెండర్ తెచ్చింది. ఏప్రిల్, మే పేజీల్లో ప్రతి తేదీ కింద నా పేరు నాచేతే రాయించింది. నెలకి నాలుగు రోజులు క్యాంపు ఉంటుందని చెప్పాను. ఆ నాలుగు రోజుల సంగతి ఇంకా తేలలేదు. ఎనిమిదా, పదా అన్నది కూడా తేలలేదు. డ్రమ్ము ఎక్కడుందో చూసొస్తానని అమ్మ మళ్లీ దిగగానే, నా భార్య పదకొండో సంచిని గోడ వారగా జరిపింది.