మొక్కలు సరే, కాలవ పూడిక ఎవరు తీస్తారు?

జూలై 26న ప్రపంచ మడ అడవుల దినోత్సవం. ప్యాంట్లు మోకాళ్ళ దాకా మడిచి, బురదలో వరసగా నిలబడి, తలా ఒక మొక్క పట్టుకుని ఫొటోలు దిగుతారు. మర్నాడు పేపర్లో ఇన్ని వేల మొక్కలు నాటారని వార్త వస్తుంది. మొక్కలు నాటడం మీద నాకేం కోపం లేదండి, ఆ లెక్క మీదే నా ఒళ్ళు మంట. కాకినాడ దగ్గర తాళ్ళరేవు వైపు పుట్టి పెరిగిన ఎవరినైనా అడగండి, మడ బతకాలంటే ముందు సముద్రపు పోటు నీళ్ళు లోపలికి రావాలి, వచ్చినవి మళ్ళీ బయటికి పోవాలి అని చెబుతారు.

మా వైపు గోదారి సముద్రంలో కలిసే చోట ఉన్న మడ అడవే కోరంగి అభయారణ్యం, 1978లో ఏర్పడింది. 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అడవిని పాడుచేసింది చుట్టుపక్కల జనమేనని బయటివాళ్ళు తేలిగ్గా అనేస్తుంటారు. కానీ ఒకప్పుడు కూపులు వేసి, అంటే అడవిని ముక్కలుగా హద్దులు గీసి, చెట్లన్నీ వరసపెట్టి కొట్టించింది సర్కారే. అలా కొట్టేసిన చోట ఎండ నేరుగా నేల మీద పడింది. తడి ఆరిపోయి నేల కుంగింది, మధ్యలో పళ్ళెంలా పల్లం తేలింది. అమావాస్యకీ పున్నమికీ వచ్చే పెద్ద పోటుకి నీళ్ళు అందులోకి ఎక్కుతాయి, పాటుకి, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, తిరిగి దిగవు. అక్కడే ఎండి ఉప్పు పేరుకుంటుంది. ఏళ్ళ తరబడి ఇలాగే జరిగితే, ఉప్పునీళ్ళకి అలవాటుపడ్డ మడ కూడా అక్కడ మొలవదు. అలాంటి చవుడులో వెయ్యి మొక్కలు పెట్టినా లక్ష పెట్టినా మిగిలేది ఫొటోనే.

మందు తెలియక కాదు ఈ తిప్పలు. ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్ళూ, అటవీ శాఖా, ఊళ్ళలో పెట్టిన కమిటీలూ కలిసి తొంభైల చివర్లోనే ఇక్కడ చేసి చూపించారు. ఏటిపాయ నుంచి ఒక పెద్ద కాలవ తవ్వుతారు. దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలవలు తీస్తారు. పైనుంచి చూస్తే చేపముల్లులా ఉంటుంది. రోజుకి రెండుసార్లు పోటుకి నీళ్ళొచ్చి పాటుకి పోతుంటే నేలలో ఉప్పు కొంచెం కొంచెంగా కడుక్కుపోతుంది. అప్పుడు నాటిన మడ కాయ నిలబడుతుంది. పక్కనున్న చెట్ల నుంచి రాలి, నీళ్ళలో కొట్టుకొచ్చిన కాయలు కూడా వాటంతటవే పాతుకుంటాయి. వాటిని ఎవరూ నాటలేదు కాబట్టి అవి ఏ లెక్కలోకీ రావు, అది వేరే సంగతి.

కాలవ తవ్వి వదిలేస్తే మాత్రం సరిపోదు. ఈ నీళ్ళలో ఒండ్రు ఉంటుంది. ముందు కాలవ నోరు పూడుతుంది, తర్వాత పిల్ల కాలవలు పూడతాయి, మళ్ళీ నీళ్ళు నిలవడం మొదలవుతుంది. అందుకే అప్పుడప్పుడూ పూడిక తీస్తుండాలి. సరిగ్గా ఆ పని వచ్చేసరికి ప్రాజెక్టు గడువు అయిపోతుంది. చివరి రిపోర్టు, ముగింపు సమావేశం, భోజనాలు (బాగుంటాయి, అబద్ధమాడను), అంతే, ఫైలు మూసేస్తారు. ఇక కాలవ ఎవరిది? కొత్తగా వచ్చిన ప్రాజెక్టు వాళ్ళకి పాత కాలవ బాగుచేస్తే పేరు రాదు, వాళ్ళకి కొత్త మొక్కలు కావాలి. మాకు తెలిసిన ఒక కమిటీలో, కొత్త చిగుళ్ళు గేదెలు మేయకుండా కాపలా కాసిన వాళ్ళకి నెలల తరబడి కూలి ఇవ్వలేదు. వాళ్ళు కాపలా మానేశారు. గేదెలు మాత్రం మానలేదు.

తాబేళ్ళ దగ్గరా ఇదే వరస. కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ ఇసకలో, ఈ తీరం పొడుగునా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టేది ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా. సముద్రంలో వేట నిషేధం మొదలయ్యేది ఏప్రిల్ 15న. అంటే తాబేళ్ళు ఒడ్డుకి వచ్చే రోజుల్లోనే వలలు జోరుగా తిరుగుతుంటాయి. ట్రాలర్ వలలో చిక్కిన తాబేలు బయటపడే ఏర్పాటు ఉంది, దాన్ని టెడ్ అంటారు. దాన్ని వాడుతున్నారా లేదా అని బోటు బోటుకీ వెళ్ళి చూడటం తలనొప్పి. తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలి వీడియో తీసుకోవడం సులువు.

మంచినీళ్ళ సంగతి ఇంతకంటే పెద్దది. మడ ఉప్పునీళ్ళలో బతుకుతుంది నిజమే, కానీ గోదారి నీళ్ళు కలిస్తేనే ఏపుగా పెరుగుతుంది. ఈ అడవిలో పారే కోరంగి ఏరుకైనా గాడేరుకైనా నీళ్ళు రావలసింది గోదారి పాయ గౌతమి నుంచి. ఎండాకాలం ధవళేశ్వరం ఆనకట్ట దాటి కిందకి వచ్చేదెంత? దాళ్వాకి, అంటే రెండో వరి పంటకి, నీళ్ళు కావాలి, కాదనను, మాకూ పొలం ఉంది. కానీ డెల్టా నీళ్ళు పంచే మీటింగుల్లో ఆక్వా మాట వస్తుంది, తాగునీటి మాట వస్తుంది, అడవికి ఇన్ని నీళ్ళు వదలాలని గట్టిగా అడిగేవాళ్ళు కనపడరు. అభయారణ్యానికి హద్దు రాళ్ళు పాతారు, దాన్ని బతికించే నీటి మీద మాత్రం అక్కడి అధికారికి పెత్తనం లేదు. పైన నీళ్ళు ఆపి కింద మొక్కలు నాటే పనికి సంరక్షణ అని పేరు పెట్టుకున్నాం.

కాకినాడ దుమ్ములపేట గుర్తుందా? ఇళ్ళ స్థలాల కోసం మడ నేలని పూడ్చారు, గొడవ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. నరికిన దానికి బదులు ఇంకోచోట నాటుతామని చెప్పడం ఇలాంటప్పుడు మామూలే. ఎక్కడ నాటతారు? చవుట్లోనేనా?

ప్రాజెక్టులు వద్దని నేననడం లేదు. రిపోర్టులో 'నాటిన మొక్కలు' అనే గడి కొట్టేయండి. మూడో ఏడు, ఐదో ఏడు వెళ్ళి కాలవ నోరు తెరిచి ఉందో లేదో, నేలలో ఉప్పు ఎంత తగ్గిందో రాయండి. మొత్తం డబ్బులో కొంత పక్కకి తీసి, పూడిక కోసమని ఊరి కమిటీ పేరున బ్యాంకులో వేయండి. వడ్డీతో ఏటా ఒక కాలవైనా బాగవుతుంది.

మనుషులు దొరకరు అనే మాట మాత్రం చెప్పొద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు భైరవపాలెం, గాడిమొగ వైపు మోటారు బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. వేట లేక ఆ మగాళ్ళంతా ఇళ్ళ దగ్గరే. నిషేధ భృతి ఎప్పుడు పడుతుందా అని చూస్తుంటారు. ఏ పాయలో నీళ్ళు ఎటు తిరుగుతాయో, కాలవ నోరు ఎక్కడ తెరవాలో ఇంజనీరు కంటే వాళ్ళకే బాగా తెలుసు. పూడిక తీత ఆ రెండు నెలల్లో పెట్టండి, కూలి వారం వారం చేతికివ్వండి. పారలు వాళ్ళే తెచ్చుకుంటారు.