సంతకం చెల్లని ఇల్లాలు

అమెరికా, బ్రిటన్ దేశాల యువతులు కొందరు 1950ల నాటి గృహిణిలా కొన్నాళ్లు గడిపి, ఆ అనుభవాన్ని యూట్యూబ్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ పెడుతున్నారు. నడుము బిగిన గౌను మీద ఏప్రన్ కట్టుకుని, సోమవారం బట్టలు ఉతికి, మంగళవారం ఇస్త్రీ చేసి, భర్త గుమ్మంలో అడుగు పెట్టే వేళకు వేడి భోజనం సిద్ధం చేసి, ఒళ్లు అలసినా మనసు కుదుటపడిందని చివర్లో చెబుతారు. ఆ రోజులే నయమన్న మాట వాటి కింద తెలుగులోనూ కనిపిస్తోంది. ఈ ప్రయోగం ఆనాటి ఇల్లాలి పనిని అనుకరిస్తుందే తప్ప ఆమె స్థితిని అనుకరించలేదని, ఆ తేడాను గుర్తించకపోతే నష్టపోయేది మన ఆడపిల్లలేనని నా అభిప్రాయం.

పని కూడా వీడియోలో కనిపించినంత ముచ్చటైనది కాదు. అప్పటికి ఎన్నో ఇళ్లలో ఉన్న రింగర్ మెషీన్‌లో బట్టలు ఉతికాక, నీళ్లోడుతున్న ఒక్కో బట్టనూ రెండు రబ్బరు రోలర్ల మధ్యకు చేత్తో అందించాలి. ఏమరపాటుగా ఉంటే వేళ్లు కూడా వాటితో పాటు లోపలికి పోతాయి. చొక్కాలకు గంజి పెట్టి ఆరబెట్టి, మళ్లీ నీళ్లు చిలకరించి, చెమ్మ సమంగా పట్టేలా చుట్టి ఉంచి, ఆ తరువాత ఇస్త్రీ చేయాలి. 1959 జూలైలో మాస్కోలో జరిగిన అమెరికన్ ప్రదర్శనలో నాటి అమెరికా ఉపాధ్యక్షుడు నిక్సన్ సోవియట్ నేత క్రుశ్చేవ్‌ను ఒక నమూనా వంటగదికి తీసుకువెళ్లి, తమ యంత్రాలు గృహిణుల కష్టం తగ్గించేందుకేనని చెప్పుకున్నారు. సామాజిక శాస్త్రవేత్త జోఆన్ వానెక్ 1974లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో ప్రచురించిన లెక్కలు వేరే కథ చెబుతాయి: ఉద్యోగం చేయని గృహిణి 1920లలో వారానికి సుమారు 52 గంటలు ఇంటిపని చేస్తే, ఇన్ని యంత్రాలు వచ్చిన 1960లలో సుమారు 55 గంటలు చేసింది. వాషింగ్ మెషీన్ రాగానే ఉతకడానికి బయటకు వేసే బట్టలు ఇంట్లోకే వచ్చాయి, శుభ్రత మీద పట్టింపు పెరిగింది, సరుకులు గుమ్మంలోకి తెచ్చి ఇచ్చేవారు తగ్గిపోయి ఇల్లాలే కారు నడుపుకుంటూ బజారుకు వెళ్లవలసి వచ్చింది.

ఇంతవరకూ ఓపిక ఉన్న ఎవరైనా కొన్నాళ్లు చేసి చూపించవచ్చు. చేసి చూపించడానికి వీలులేనిది డబ్బు మీద, సంతకం మీద ఆమెకు లేని హక్కు. అప్పు ఇచ్చేటప్పుడు స్త్రీ అనో, వివాహిత అనో వివక్ష చూపకూడదని అమెరికాలో చట్టం వచ్చింది 1974లో. అంతకు ముందు భర్త సంతకం లేనిదే క్రెడిట్ ఇవ్వబోమని చెప్పడం బ్యాంకులకు మామూలు విషయం. 1939లో అక్కడి ప్రభుత్వ పింఛను పథకమైన సోషల్ సెక్యూరిటీ చట్టాన్ని సవరించి భార్యకు పింఛను ఏర్పాటు చేశారు గానీ, అది భర్త సంపాదన మీద ఆధారపడి లెక్కగట్టిన ఆయన పింఛనులో సగమే. ఆమె చేసిన ఇంటిపనికి ఆ ఖాతాలో ఒక్క రోజు కూడా జమ కాలేదు. విడాకులు పొందిన స్త్రీకి మాజీ భర్త ఖాతా మీద వృద్ధాప్య పింఛను దక్కే వీలు 1965లో కలిగినా, కనీసం 20 ఏళ్లు కాపురం చేసి ఉండాలన్న షరతు పెట్టారు. 19 ఏళ్లు వండి వార్చి, పిల్లల్ని పెంచి విడిపోయిన మనిషికి ఆ దారిలో దక్కేది సున్నా. ఆ గడువును 10 ఏళ్లకు తగ్గిస్తూ చట్టం చేయడానికి 1977 దాకా పట్టింది.

ఇప్పుడు ప్రయోగం చేస్తున్న యువతి చేతిలో తన పేరిట క్రెడిట్ కార్డు ఉంది, వీడియో మీద వచ్చే ఆదాయం ఆమె ఖాతాలోనే పడుతుంది, విసుగు పుడితే ఏప్రన్ విప్పేసి వెళ్లిపోవచ్చు. ఆనాటి ఇల్లాలికి ఈ మూడింటిలో ఏదీ లేదు.

ఇంటిపనిలో గౌరవం ఉందని, కుటుంబానికి వండిపెట్టడంలో తృప్తి ఉందని, ఉద్యోగమూ ఇల్లూ రెండూ మోస్తున్న నేటి స్త్రీ ఒక క్రమం కోసం వెతుక్కోవడం తప్పు కాదని ఈ వీడియోలను సమర్థించేవారు అంటారు. వారి మాటల్లో నిజం ఉంది, ఇష్టపడి ఇంట్లో ఉండే స్త్రీని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. అయితే ఆ ఇష్టానికి విలువ వచ్చేది, వద్దనే వీలు కూడా ఉన్నప్పుడే.

ఆ వీలు లేని జీవితం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి డెబ్బై ఏళ్లు వెనక్కి వెళ్లనక్కరలేదు. అదే అమెరికా సబర్బన్ ఇళ్లలో హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవారి భార్య లేదా భర్తకు ఇచ్చేది) మీద ఉన్న తెలుగు అమ్మాయిలను అడిగితే చాలు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి వెళ్లిన ఇంజినీరు అక్కడ కాగితాల మీద డిపెండెంట్. పని అనుమతి లేనంతకాలం ఆమెకు జీతమూ ఉండదు, సోషల్ సెక్యూరిటీ నంబరూ రాదు. కారు లేనిదే కూరగాయలు కూడా దొరకని చోట భర్త ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆమె ప్రపంచం ఆ నాలుగు గోడలే. హెచ్-1బీ భర్తకు ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు) ఆమోదం పొందడం వంటి షరతులు తీరితే భార్యకు పని అనుమతి పత్రం (ఈఏడీ) ఇచ్చే నిబంధన 2015 మేలో అమల్లోకి వచ్చింది. దాని మీద ఆ ఏడాదే కోర్టులో కేసు కూడా పడింది. భర్త ఉద్యోగం పోతే ఆ దేశంలో ఉండటానికి ఇద్దరికీ సాధారణంగా మిగిలేది గరిష్ఠంగా 60 రోజుల గడువు. విడాకులు ఖరారైతే ఆమె హెచ్-4 హోదా దాంతోనే ముగుస్తుంది. వేధింపులు భరిస్తూ కూడా కొందరు పెదవి విప్పకపోవడానికి ఈ భయం ఒక పెద్ద కారణం. ఇదంతా ఆ అమ్మాయిల బలహీనతగా మాట్లాడేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది, ఎందుకంటే ఆ స్థితిని రాసిపెట్టింది చట్టం.

అమెరికా సంబంధం అనగానే మన పెద్దలు అబ్బాయి ప్యాకేజీ అడుగుతారు, ఇల్లు కొన్నాడా అని అడుగుతారు, కట్నం మాట్లాడుకుంటారు. ఐ-140 ఆమోదం వచ్చిందా, రాకపోతే అమ్మాయి ఎన్నేళ్లు ఉద్యోగం లేకుండా ఉండాలి, బ్యాంకు ఖాతాలో ఆమె పేరు మొదటి నెలలోనే చేరుతుందా, డ్రైవింగ్ ఎప్పుడు నేర్పిస్తారు అన్న ప్రశ్నలు ముహూర్తం పెట్టుకునే ముందే, అబ్బాయి తల్లిదండ్రుల ఎదుటే, అమ్మాయి నోటితోనే అడిగించాలి.